ఏసీ వేస్తే కుదురుకునే ఇంజిన్

మా ఇంట్లో ఉన్నది 2006లో నాన్న కొన్న చిన్న పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు, ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కీ విడిగా పెట్రోల్ చిమ్మే పద్ధతి), బీఎస్-2 (పొగకి పెట్టిన పాత ప్రమాణం) ఇంజిన్. 2021లో దానికి పదిహేనేళ్లు నిండుతున్నాయి, ఆర్సీ రెన్యువల్ చేయించాలి. సరిగ్గా అప్పుడే మొదలైంది ఈ గొడవ. లాక్‌డౌన్లలో బండి నెలల తరబడి కదలకుండా ఉండిపోయింది, దాని ప్రభావం కూడా ఉండే ఉంటుంది.

మొదటిసారి గమనించింది విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర. బండి న్యూట్రల్‌లో ఉంది, నా కాలు యాక్సిలరేటర్ మీద లేదు. అయినా ఇంజిన్ రయ్యిమని లేచి, చప్పున పడిపోయి, మళ్లీ లేస్తోంది. ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే మీటర్లో ముల్లు 1,600 దాకా ఎక్కుతుంది, 1,000కి దిగుతుంది. రెండు సెకన్లకోసారి ఇదే వరస. మామూలుగా ఆ ముల్లు 850 దగ్గర నిలబడాలి. గ్రీన్ పడే సమయానికి ముల్లు ఒక్కసారిగా కిందికి జారి ఇక లేవలేదు. ఇంజిన్ ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు, పక్క సీట్లో నాన్న. చేతులు వణికాయి నాకు.

దీన్ని మెకానిక్కులు 'హంటింగ్' అంటారు. మా వీధి చివర గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఇంజిన్‌కి గాలి వెళ్లే దారైన థ్రోటిల్ బాడీ క్లీన్ చేశారు. నాలుగు వేల దాకా అయింది. ఇంటికి వచ్చి గేటు ముందు ఆపేసరికి మళ్లీ అదే ఊగిసలాట. ఇంకో చోట చూపిస్తే స్కానర్ తగిలించారు, కనెక్టే కాలేదు. బండి తన లోపాల్ని తానే గుర్తించి స్కానర్‌కి చెప్పే ఏర్పాటు, అదే ఓబీడీ, మన దేశంలో తప్పనిసరి కావడం మొదలైంది 2010లో బీఎస్-4తోనే. అంతకు ముందు బండ్లలో చాలావాటితో మామూలు స్కానర్ మాట్లాడదు. చెక్ ఇంజిన్ లైటూ వెలగడం లేదు. "ఐడిల్ వాల్వ్ పోయి ఉంటుంది, మార్చి చూద్దాం. లేదంటే థ్రోటిల్ స్క్రూ కాస్త తిప్పి రేజ్ (ఇంజిన్ వేగం) పెంచేస్తా, ఆగిపోదు" అన్నాడతను. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్‌కి కాస్త గాలి పంపేది ఆ ఐడిల్ వాల్వే.

రెండింటికీ నేను ఒప్పుకోలేదు. ఆ స్క్రూ మీద కంపెనీ వేసిన పెయింటు గుర్తు ఇంకా చెక్కుచెదరలేదు. దాన్ని తిప్పితే జబ్బు తగ్గదు, పైకి కనపడకుండా పోతుందంతే. మార్చి చూద్దాం అనే మాటంటేనే నాకు భయం. ఒక్కో పార్టుకీ వేలకు వేలు పెట్టి, చివరికి పాత పార్టు మంచిదేనని తెలిస్తే ఆ డబ్బు ఎవరిస్తారు?

ఈలోపు పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్లాను. మా కారులాంటి పాత పెట్రోల్ బండికి ఆ పరీక్ష చేసేది ఐడ్లింగ్ మీదే, అంటే బండి నిలబడి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడే. బీఎస్-2 కారుకి కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. సైలెన్సర్‌లో గొట్టం పెట్టాక మిషన్ మీద అంకెలు ఒక్క క్షణం నిలబడితే ఒట్టు. "ముందు ఐడ్లింగ్ సరిచేయించుకు రండి సార్" అని పంపేశారు. అది లేకపోతే ఆర్సీ పని ముందుకు సాగదు. టెన్షన్ మొదలైంది.

ఆ రాత్రి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏ పార్టు పోయిందన్నది పక్కనపెట్టి, ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు అని మాత్రమే రాశాను. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 1,400 దగ్గర కదలకుండా నిలబడుతుంది. బాగా వేడెక్కాక ఊగడం మొదలు. రోడ్డు మీద పోతున్నప్పుడు ఏ తేడా లేదు, పికప్ కూడా బాగుంది. నాలుగో రోజు పక్కన కూర్చున్న నాన్న అన్నారు: "ఒరేయ్, ఏసీ వేస్తే ఊగట్లేదు చూశావా? ఇందాకటి నుంచీ గమనిస్తున్నా."

నిజమే. ఏసీ బటన్ నొక్కగానే ముల్లు కుదురుకుంటోంది. ఆపగానే మళ్లీ మొదలు. అసలైతే ఏసీ బరువు మీద పడితే నీరసంగా ఉన్న ఇంజిన్ ఇంకా కుంగిపోవాలి. ఇక్కడ అంతా తిరగబడింది. అంటే దీనికి నీరసం కాదు, ఎక్కడో గాలి ఎక్కువవుతోంది. నాకు దారి దొరికింది ఆ మాటతోనే.

దీని లెక్క ఇలా ఉంటుంది. మా కారులాంటివాటిలో సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని మ్యాప్ సెన్సర్ చూస్తుంది, దాన్ని బట్టి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోల్ ఇస్తుంది. ఏ పైపో పగిలి గాలి దొంగదారిన లోపలికి వస్తే, ఆ గాలికి తగ్గ పెట్రోలూ పడిపోతుంది. దాంతో రేజ్ పెరుగుతుంది. ఈసీయూ ఐడిల్ వాల్వ్‌ని పూర్తిగా మూసినా తగ్గదు. అప్పుడు ఇంకో లెక్క అడ్డొస్తుంది: యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా రేజ్ ఒక హద్దు దాటితే, బండి గేరులో జారుతోందనుకుని ఈసీయూ పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది. రేజ్ ధభాలున పడుతుంది. పడగానే మళ్లీ పెట్రోల్ ఇస్తుంది, మళ్లీ లేస్తుంది. అదే ఆ ఊగిసలాట. చల్లగా ఉన్నప్పుడు ఆ హద్దు పైన ఉంటుంది కాబట్టి గొడవ రాదు. ఏసీ వేస్తే ఆ బరువుకి రేజ్ హద్దు దాకా వెళ్లదు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ ఒకదానికొకటి అతికాయి.

ఆ పుస్తకం పట్టుకుని ఆటోనగర్‌లో తెలిసినవాళ్లు చెప్పిన ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తకుండానే నేను రాసిందంతా చదివించుకున్నారు. "ఏసీ వేస్తే సరవుతోందా? అయితే పైపులు చూద్దాం సార్" అన్నారు. లీకు కనిపెట్టడానికి మండే క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారా అని అడిగాను. వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటమని తల అడ్డంగా ఊపారు. కటింగ్ ప్లేయర్ కాకుండా నోరు వెడల్పుగా ఉండే ప్లేయర్ తీసి, దవడలకి పాత గుడ్డ చుట్టారు. ఇంజిన్ ఊగుతుండగానే మానిఫోల్డ్‌కి వచ్చే రబ్బరు పైపుల్ని ఒక్కొక్కటే నొక్కి పట్టుకోవడం మొదలుపెట్టారు.

బ్రేక్ బూస్టర్ పైపు నొక్కారు, మార్పు లేదు. పెట్రోల్ ఆవిరి లాగే క్యానిస్టర్ పైపు, మార్పు లేదు. ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని మానిఫోల్డ్‌కి తెచ్చే బ్రీదర్ పైపు మధ్యలో నొక్కారు, అదీ అంతే. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. చెయ్యి ఇంకా లోపలికి దూర్చి, అదే పైపుని మానిఫోల్డ్ మొన దగ్గర నొక్కారు. రయ్యిమంటున్న ఇంజిన్ ఒక్కసారి తడబడి, నెమ్మదించి, అలాగే నిలబడిపోయింది. షెడ్డులో ఎంత నిశ్శబ్దం అనిపించిందో! వదిలారు, మళ్లీ ఊగింది. నొక్కారు, నిలబడింది. పగులు ఆయన మొదట నొక్కిన చోటికీ మానిఫోల్డ్‌కీ మధ్య ఉంది. అందుకే మొదటిసారి దొరకలేదు.

పైపు ఊడదీసి నా చేతిలో పెట్టారు. పైనుంచి చూస్తే నల్లగా, నున్నగా, ఏ లోపమూ లేదు. తిరగేసి వేళ్లతో కాస్త వంచాను. అడుగున, క్లిప్పు పక్కనే, వేలి గోరంత పగులు నోరు తెరిచింది. పదిహేనేళ్లుగా ఆయిల్ ఆవిరి తాగి ఆ చివర మెత్తబడింది, పైభాగం ఎండి బిరుసెక్కింది. లోపల జిడ్డు, బయట ధూళి.

అక్కడ దొరికే మామూలు పైపు ముక్క కోసి వేయొచ్చు కదా అన్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. ఆయిల్‌కి తట్టుకోని రబ్బరు నెలల్లో ఉబ్బిపోతుందట, పైగా వంపు దగ్గర ఇంజిన్ లాగే లాగుడికి చదునై మూసుకుపోతుందట. మూడో షాపులో అసలు వంపుతో ఉన్న పైపు దొరికింది. నూట ఎనభై రూపాయలు.

బిగించి స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఒక్కసారి లేచి వెంటనే ఆగిపోయింది. రెండోసారీ అంతే. నా మొహం చూసి మేస్త్రి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీశారు. ఇన్నాళ్లూ ఎక్కువైన గాలికి అలవాటు పడి ఐడిల్ వాల్వ్‌ని పూర్తిగా మూసిపెట్టడం ఈసీయూ నేర్చుకుంది, అది మర్చిపోవాలి. పావుగంట ఆగి, మళ్లీ తగిలించి, ఏ స్విచ్చూ వేయకుండా రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా ఐడ్లింగ్‌లో వదిలేశారు. ముల్లు 850 దగ్గర అతికించినట్టు నిలబడింది.

మర్నాడు పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 0.2 చూపించింది. సర్టిఫికెట్ ప్రింటు తీసి ఇచ్చారు.

తిరిగి వస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర రెడ్ పడింది. నాన్న చెయ్యి చాపి ఏసీ తనే ఆపేశారు. ముందుకు వంగి మీటర్ కేసి చూస్తూ కూర్చున్నారు. ముల్లు కదల్లేదు. గ్రీన్ పడేదాకా అలాగే చూసి, "ఇంక పోనీరా" అన్నారు.