దక్షిణం వైపు స్లాబు

మాస్టారు రోజూ పొద్దున్నే సోలార్ మీటరు రీడింగు రాసుకుంటారని తెలుసు గానీ ఆ పుస్తకం ఇవాళే చూశాను. లెక్కల మాస్టారు కదా, రిటైరయ్యాక కూడా గళ్ళు కొట్టడం మానలేదు. తేదీకి ఒక గడి, ప్యానెళ్ళు ఎన్ని యూనిట్లు చేశాయో ఒక గడి, అందులో లైనుకి ఎంత పోయిందో, లైను నుంచి తిరిగి ఎంత వాడుకున్నారో చెరొక గడి. చివర్న సన్నటి గడిలో ఎర్ర సిరాతో మబ్బు, వాన, మంచు, మిల్లు బూడిద అని కారణాలు. కిందటేడు డిసెంబరు పేజీలో పది, పదకొండు, మంచు పట్టిన రోజు ఎనిమిది. ఈ నెల పేజీలో ఆరు, ఐదున్నర, మళ్ళీ ఆరు. కారణం గడి మాత్రం ఖాళీగా ఉంది. అక్కడ రాయాల్సింది మా ఇంటి పేరు, మొహమాటపడి రాయలేదాయన.

వాళ్ళది మాకు ఉత్తరం పక్కిల్లు. మా వైపు సగం డాబా, అవతలి సగం వాళ్ళ నాన్నగారి నాటి పెంకుటిల్లు. డాబా మీద రెండు వరసల్లో ఆరు ప్యానెళ్ళు, మూడు కిలోవాట్లు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చినప్పుడు మా వీధిలో మొట్టమొదట పెట్టించింది ఆయనే. మూడు కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ పోగా మిగతాదానికి బ్యాంకు లోను తీసుకున్నారు. అప్పుడు మా స్థలంలో ఉన్నవి ఒక రేకుల షెడ్డు, రెండు జామచెట్లు. ఇప్పుడు స్టిల్టు, దాని మీద రెండంతస్తులు. పై స్లాబు వేసి, మళ్ళు కట్టి నీళ్ళు నిలబెట్టాం.

ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడానికి కారణం ఉంది. శంకుస్థాపన వైశాఖంలో జరిగింది. మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన గోదావరి జిల్లాల్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. జూన్‌లో అయితే కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. మొదటి స్లాబు పడ్డ ఆషాఢంలో మా ఇంటి నీడ మా ప్రహరీ దాటలేదు. దక్షిణాయనం ముదిరేకొద్దీ అది ఉత్తరానికి పాకింది. కార్తీకంలో డాబా అంచు ఎక్కింది, ఈ ధనుర్మాసంలో ప్యానెళ్ళ మీదికి వచ్చేసింది. మాస్టారు నాకు చాక్‌పీసుతో డాబా మీద బొమ్మ గీసి చూపించారు. మనం ఉన్నది పదహారున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర. డిసెంబరు ఆఖరున మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు యాభై డిగ్రీల ఎత్తుకి మించడు. అంటే పది అడుగుల గోడకి ఎనిమిది అడుగుల పైచిలుకు నీడ. పొద్దున తొమ్మిదింటికి ఆ నీడే ఉత్తరానికి పదకొండు అడుగులు వెళ్తుంది. పదో తరగతిలో ఇదే ఆయన చెబితే నిద్రపోయిన బ్యాచి మాది.

మంచు విడిచాక పన్నెండింటికి నేనే వాళ్ళ డాబా ఎక్కాను. పిన్నిగారు పెట్టిన గుమ్మడి వడియాలు కూడా నీడ లేని మూలకి జరిగి ఉన్నాయి. ప్యానెళ్ళలో కింది వరస మూడింటి మీదా మా స్లాబు అంచు నీడ అడ్డంగా పడి ఉంది. మరీ గీత గీసినట్టు లేదు, రెండు మూడు అంగుళాల మేర మసక, దాని కింద గట్టి నీడ. అది జానెడున్నర ఉంటుంది, అంతే. ఇంతమాత్రానికే సగానికి సగం పడిపోతుందా అని నాకు అనుమానం. ఆ అనుమానం ముందు రోజు సోలార్ కుర్రాడు వచ్చినప్పుడు మాస్టారికీ వచ్చిందట. ఉన్నది రెండు వరసలైనా, వైర్లతో ఆరు ప్యానెళ్ళనీ ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలుపుతారు. కాలువ మీద ఒకచోట తలుపు సగం దించితే దిగువ పొలాలన్నిటికీ నీరు తగ్గినట్టు, నీడ పడ్డదాని దగ్గర మిగతావాటి కరెంటు కూడా బిగుసుకుంటుంది. అలా అడ్డుపడ్డ చోట వేడెక్కి కాలిపోకుండా ఒక్కో ప్యానెల్లో డయోడ్లు పెడతారు. అవి నీడ భాగాన్ని వదిలేసి పక్కనుంచి కరెంటుని పోనిస్తాయి. ప్యానెల్ బతుకుతుంది గానీ యూనిట్లు పోతాయి. ఒక్కో ప్యానెల్‌కి విడిగా చిన్న ఇన్వర్టరు పెట్టుకుంటే పై వరసైనా తన పని తాను చేసుకుంటుందని కుర్రాడు చెప్పాడు. రేటు కూడా చెప్పాడు. మాస్టారు ఆ విషయం అక్కడితో ఆపేశారు.

"మిల్లు బూడిద అయితే గొట్టం పెట్టి కడిగేస్తానమ్మా. ఇదేం కడగను?" అన్నారు నవ్వుతూనే.

మిల్లు బూడిద సంగతి నిజమే. సార్వా ధాన్యం ఆడే రోజులు కదా, ఊక కాల్చిన నుసి గాలికి వచ్చి ప్యానెళ్ళ కింది చట్రం దగ్గర నల్లగా అట్టకడుతోంది. వేలితో రాస్తే కాటుకలా అంటుకుంది. మంచుకి తడిసి ఆరితే ఇంకా మొండిగా పడుతుంది. ఇవాళ కూడా కడిగే ఉంచారు, నీడ పడే చోట కూడా.

రాత్రి భీమవరంలో వకీలుగా ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు సంబరంగా, "అక్కా, మీకేం భయం లేదు" అని మొదలుపెట్టాడు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం వెలుతురు మీద హక్కు రావాలంటే ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా అనుభవించి ఉండాలట. అది కూడా ఇంట్లోకి వచ్చే వెలుతురు సంగతి. డాబా మీద ప్యానెళ్ళు ఆ చట్టం రాసినవాళ్ళ ఊహలో కూడా లేవు. అమెరికాలో 1982లో విస్కాన్సిన్ రాష్ట్రపు సుప్రీంకోర్టు ఇలాంటి తగాదాలోనే, సోలార్ పెట్టుకున్న పక్కింటాయన దావా వినదగ్గదే అందట. కాలిఫోర్నియాలో 1978 నుంచి ఏకంగా చెట్ల నీడ మీదే చట్టం ఉందట. అలాంటిది కోనసీమలో పెడితే ఏ కొబ్బరితోటకీ దిక్కుండదు. మొత్తానికి వాడు చెప్పింది, ప్లాను పాసైంది, ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అదే సెట్‌బ్యాకు, వదిలారు, ఇంకేం టెన్షన్ అని.

నాకు భయం ఎప్పుడుందని? నేను అడిగింది అది కాదు. ఆయన దగ్గర సబ్సిడీ మంజూరు కాగితం ఉంది, మా దగ్గర పాసైన ప్లాను ఉంది. రెండూ సర్కారువే, రెండిటి మీదా ముద్రలున్నాయి. ఆయన ప్యానెళ్ళు పెట్టేటప్పుడు దక్షిణాన ఖాళీ స్థలం ఉంది, రేపు లేస్తే ఏంటని అడిగినవాళ్ళు లేరు. మా ప్లాను చూసినవాళ్ళూ ఉత్తరం పక్క డాబా మీద ఏముందని అడగలేదు. ఇద్దరం ఎవరి లోను వాళ్ళం కడుతున్నాం. ఇందులో కోర్టుకి చెప్పేదేముంది? గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు చూసుకోవాల్సిన పని.

మా అత్తయ్యగారి పరామర్శ మాత్రం వేరే రకం. పొద్దున ప్రహరీ దగ్గర పిన్నిగారితో, "దక్షిణం ఎత్తు లేచింది కదండీ, మీకు వాస్తు ప్రకారం కలిసొస్తుంది వదినగారూ" అన్నారు. పిన్నిగారు ముగ్గుచిప్ప కింద పెట్టి, "కలిసొచ్చింది కరెంటు బిల్లేనండి" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను లోపలికి వచ్చేశాను.

కానీ ఇవాళ మాస్టారి పక్షాన నిలబడింది ఆ వాస్తే. కొన్నాళ్ళుగా మా ఇంట్లో ట్యాంకు గొడవ నడుస్తోంది. మెట్లు వాయవ్యంలో వచ్చాయి. వాటి మీద కట్టే హెడ్ రూమ్ పైనే ట్యాంకు పెట్టేద్దామని మేస్త్రి. "పిల్లర్లు కలిసొస్తాయండి, ప్రెజరు కూడా బాగుంటది, ఆయ్" అని. నేనూ ఆయన మాటే బాగుందనుకున్నాను, పాతిక వేలైనా మిగులుతాయని. ట్యాంకు నైరుతిలో తప్ప ఇంకెక్కడా పెట్టడానికి వీల్లేదని అత్తయ్యగారు. ఇవాళ మాస్టారి చాక్‌పీసు బొమ్మ చూశాక లెక్క మారిపోయింది. మాకు వాయవ్యమంటే వాళ్ళ డాబాకి ఆనుకున్న మూల. ఇప్పుడున్న స్లాబు మీద ఎనిమిది అడుగుల హెడ్ రూమ్, దాని మీద ఐదడుగుల ట్యాంకు లేస్తే మధ్యాహ్నం రెండు దాటగానే ఆ నీడ సరిగ్గా రెండు వరసల ప్యానెళ్ళ మీదికీ పోతుంది. నైరుతి అంటే వాళ్ళకి అన్నిటికంటే దూరంగా ఉన్న మూల. ట్యాంకు అక్కడ పెడితే దాని నీడ మా స్లాబు మీదే పడి ఆగుతుంది.

మేస్త్రిని పిలిచి ట్యాంకు నైరుతిలోనే అని చెప్పాను. అత్తయ్యగారు నన్ను ఎగాదిగా చూశారు. కారణం చెప్పలేదు. చెబితే వాస్తు పలచబడుతుందేమోనని. హెడ్ రూమ్ కూడా చదరంగా కట్టకుండా మెట్ల వాలుతో పాటే పైకప్పు ఏటవాలుగా వేస్తే ఎత్తు తగ్గుతుందా అని అడిగాను. "తగ్గుద్దండి, కాకపోతే సెంట్రింగు పని ఎక్కువండి" అన్నాడు. ఎక్కువంటే ఎంతో చెప్పమన్నాను.

ఇక పిట్టగోడ. ఉత్తరం వైపు మూడున్నర అడుగుల ఇటుక గోడ లేపితే దాని నీడ ఇంకో మూడడుగులు ముందుకి వెళ్ళి కింది వరసని పూర్తిగా మింగేస్తుంది. గోడ అడుగు మాత్రమే కట్టి, మీద స్టీలు పైపుల రైలింగు వేస్తే? పైపులకి మాత్రం నీడ ఉండదా అని నా సందేహం. మాస్టారు మా స్లాబు అంచున పైకి వదిలిన పిల్లర్ చువ్వల్ని చూపించి, "వాటి నీడలు ఈ ప్యానెళ్ళ మీద ఎక్కడున్నాయో చూపించమ్మా" అన్నారు. ఎంత వెతికినా లేవు. సూర్యుడు చుక్క కాదు, బిళ్ళ. ఏ వస్తువైనా దాని వెడల్పుకి సుమారు నూటేడు రెట్ల దూరం దాటితే ఆ బిళ్ళని పూర్తిగా కప్పలేదు. అందుకని చువ్వ నీడ ఐదారు అడుగులకే కరిగిపోతుంది. అంగుళంన్నర పైపు అయితే పదమూడు, పద్నాలుగు అడుగులు. మా అంచు నుంచి ఆయన ప్యానెళ్ళు అంతకంటే దూరమే. నలభై ఐదేళ్ళు వచ్చాక ఈ సంగతి తెలిసింది, అదీ డాబా మీద ఎండలో నిలబడి.

ఆ చువ్వల గురించి ఆయన ఇంకో మాట అడగలేదు. మూడో అంతస్తు వేసే ఉద్దేశం ఉంటేనే చువ్వలు అలా వదులుతారని ఆయనకి తెలీదా? నేనూ చెప్పలేదు. అబ్బాయి పెళ్ళి నాటి మాట అది.

ఇప్పటికే పడుతున్న నీడకి మందు వాళ్ళ డాబా మీదే ఉంది. స్టాండు ఏడడుగులు లేపి, ప్యానెళ్ళని పెంకుటింటి వైపు అంచుకి జరిపితే చాలావరకు తేరుకుంటాయి. ఖర్చు మేం భరిస్తామన్నాను. డబ్బు మాట ఎత్తగానే ఆయన చాక్‌పీసు జేబులో పెట్టేసుకున్నారు. "ఖర్చు కాదమ్మా. తొంభై ఆరు నవంబరు తుఫాను చూసినవాణ్ణి. అంత ఎత్తున పలకలు నిలబెట్టి నేను కింద పడుకోలేను." అప్పుడు ఈ పెంకుటింటి కప్పు ఎగిరిపోయి రాత్రంతా మంచాల కింద కూర్చున్నారట. జీఐ పైపులు, కాంక్రీటు దిమ్మలు అని నేను ఏదో చెప్పబోయాను. విన్నారు గానీ ఒప్పుకోలేదు.

అత్తయ్యగారు వెంటనే తేల్చేశారు. "అయితే తీసుకొచ్చి మా స్లాబు మీదే పెట్టుకోండి అన్నయ్యగారూ, జాగా బోలెడుంది." మాస్టారు గట్టిగా నవ్వి, "ప్యానెళ్ళు మీ ఇంటి మీద, మీటరు మా ఇంట్లో. మనం బానే ఉంటాం, తర్వాత మన పిల్లలు కొట్టుకుంటారండి" అన్నారు.

సాయంత్రం ఒకసారి పైకి తీసుకెళ్ళి ఆయనకి మా స్లాబు చూపించాను. అక్కణ్ణుంచి పాలకొల్లు క్షీరారామం గోపురం కనబడుతుంది, తొమ్మిదంతస్తులూ. మా చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల ఎత్తంటే అదే, 120 అడుగులు. ఇప్పుడు దాని ఎడం పక్కన అపార్టుమెంట్లు అడ్డం వచ్చేశాయి. మాస్టారు గోపురం వైపు చూడలేదు. మాకు దక్షిణాన ఉన్న కొబ్బరితోట వైపు గడ్డం ఎత్తి చూపించి, "అది అమ్మేశారటగా?" అన్నారు.

అమ్మేశారు. కొన్నాయన ఎవరో చేపల చెరువుల మీద బాగా సంపాదించినాయన, అపార్టుమెంటు కడతాడని వినికిడి. మా పై స్లాబు మీద కూడా మూడు కిలోవాట్లు పెట్టాలని నేనూ ఈయనా అనుకుంటున్నాం.

ఈయనకి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. ట్యాంకు సరే అన్నారు. స్టీలు రైలింగు అనగానే, "ఒక్క వైపే కదా?" అన్నారు. ఒక్క వైపు వేస్తే బాగుండదు, నాలుగు వైపులా వేయాల్సి వస్తుందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. రైలింగు కుర్రాడు గురువారం కొలతలకి వస్తానన్నాడు. అడుక్కి ఎంతో ఇంకా తేలలేదు.