ముఖాలు చూపని ఫోటోలు

మా జర్నలిజం బ్యాచిలో పబ్లిక్ రిలేషన్స్ పేపరును ఇష్టపడి చదివినవాళ్లు తక్కువ. అందరి చూపూ పత్రికల డెస్కుల మీద, టీవీ స్టూడియోల మీద ఉండేది. 2018 వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్‌లోని ఒక బాలల సంస్థను నేను ఎంచుకున్నప్పుడు, పత్రికా ప్రకటనలు రాయడానికి అంత దూరం వెళ్లాలా అని మిత్రులు ఆశ్చర్యపోయారు. ఇవాళ ఏ వార్త దిద్దినా, ఏ ఫోటో ఎంచినా నాకు ముందుగా గుర్తొచ్చేది అక్కడ నేర్చుకున్న పనే. అందుకే మన విభాగం పూర్వ విద్యార్థుల సంచిక కోసం వ్యాసం అడగగానే ఈ విషయమే రాయాలనిపించింది.

పనుల్లో మగ్గుతున్న పిల్లలను బయటకు తెచ్చి, చదువు అలవాటు చేసి, బడిలో చేర్చడం ఆ సంస్థ పని. పాతబస్తీ లక్క గాజుల కార్ఖానాల గురించి అక్కడే వివరంగా తెలిసింది. 2015 జనవరిలో పోలీసులు భవానీనగర్ ప్రాంతంలో సోదాలు చేసి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. వాళ్లలో ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్లే. గాజుకు రాళ్లు అతికించడం చూసేవాళ్లకు సుతారమైన పనిలా ఉంటుంది. గాలి ఆడని గదిలో, లక్క కరిగే వేడి పక్కన, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పనే చేసే పిల్లవాడికి అందులో సుతారం ఏమీ ఉండదు. మా కేంద్రంలో ఉన్న ఒక బాబు చూపుడు వేలి కొన గట్టిపడి నున్నగా మెరుస్తుండేది. పెన్సిలు జారిపోతోందని రాస్తూ రాస్తూ ఆ వేలిని చొక్కాకు తుడుచుకునేవాడు.

ప్రచార విభాగం చూసే ఆమెను పిల్లలతో పాటు నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. ప్రకటన ఏదైనా సిద్ధమయ్యాక అక్క రెండుసార్లు చదివేది. మొదటిసారి విలేకరిగా చదివేది. రెండోసారి ఆ పిల్లవాడిని పనికి తెచ్చిన దళారిగా చదివేది. ‘వాడు ఇది చూస్తే ఇల్లు కనుక్కోగలడా?’ అని అడిగేది. కనుక్కోగలడు అనిపిస్తే ఊరి పేరు పోయేది, తండ్రి చేసే పని పోయేది, ఒక్కోసారి జిల్లా పేరు కూడా పోయేది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అంటూ తరగతిలో నేర్చుకున్న వరుసలో ఎక్కువ భాగం ఇలా కొట్టివేతల్లోనే పోతుంటే మొదట్లో మనసుకు కష్టంగా ఉండేది.

2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. పేరు, చిరునామా, బడి, ఆనవాలు పట్టించే మరే వివరమైనా సరే బయటపెట్టకూడదు. బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నేను చేరడానికి కొద్దిగా ముందే, ఏప్రిల్‌లో, జమ్మూ కశ్మీర్‌లోని కఠువాలో అత్యాచారానికి, హత్యకు గురైన బాలిక పేరు బయటపెట్టిన 12 మీడియా సంస్థలను తలా 10 లక్షల రూపాయలు కట్టమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఆ వార్త కత్తిరింపు అక్క బల్ల అద్దం కింద ఉండేది.

ఫోటోల దగ్గర పేచీ ఇంకా పెద్దది. విడిపించిన పిల్లలను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. ఆ లోపే కెమెరాలు వచ్చేస్తాయి. పట్టుకున్న సొత్తును ప్రదర్శించినట్టు పిల్లలను నేల మీద వరుసగా కూర్చోబెట్టి, వెనుక పెద్దవాళ్లు నిలబడి తీయించుకున్న ఫోటోలు మా పాత ఫైళ్ల నిండా ఉండేవి. వాటిని చూస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. ముఖం మసకబారిస్తే చాలదు. యూనిఫాం మీది బ్యాడ్జి, గోడ మీది బడి పేరు, మెడలోని తాయెత్తు, పక్కన నిలబడిన తల్లి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఊరివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు.

మరోవైపు సంస్థకు డబ్బు కావాలి. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి కాబట్టి మా విభాగం ఆ తలుపులే ఎక్కువగా తట్టేది. ఒక కంపెనీ ప్రతినిధి బ్యానరు మీద పాప ముఖం ఉండాలని పట్టుబట్టాడు. కళ్లు కనిపించకపోతే చూసేవాళ్ల మనసు కరగదన్నాడు. అక్క ఆయన ముందు బియ్యం, పుస్తకాలు, టీచర్ల జీతాల లెక్క పెట్టి, కావాలంటే ఇది బ్యానరు మీద వేసుకోండి అంది. ఆ ఏడాది వాళ్ల విరాళం రాలేదు. నష్టం నిజమైనదే. ఆ నెల కొనాల్సిన స్కూలు బ్యాగులు ఆగిపోయాయి. అయినా అక్క చేసింది సరైన పనేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఆ పట్టుదల దాతల విషయంలోనే కాదు, పిల్లల విషయంలోనూ ఉండేది. కేలండర్‌లో తన బొమ్మ వేయడానికి ఒప్పుకున్న ఒక అమ్మాయి, ప్రూఫు చూశాక వద్దంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ప్రింటరు విసుక్కున్నా పేజీ మార్చాం.

మేము పంపిన ప్రతి కాగితంలోనూ 1098 తప్పక ఉండేది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1996లో ముంబైలో మొదలైన చైల్డ్‌లైన్ ఫోన్ నంబరు అది. జిల్లా ఎడిషన్లో మా వార్త మూడు అంగుళాలు వచ్చినా, దాని కింద ఆ నంబరు అచ్చయితే అక్క ముఖం వెలిగిపోయేది. పక్కింట్లో ఒక పాప రోజూ తెల్లవారుజామున గిన్నెలు తోముతోందని, పేపరు చూసి ఫోన్ చేస్తున్నానని ఒకావిడ చెప్పినట్టు తెలిసిన రోజు ఆఫీసులో అందరికీ టీ తెప్పించింది.

మన విభాగం నుంచి వెళ్లినవాళ్లు ఇప్పుడు చాలా డెస్కుల్లో ఉన్నారు. వాళ్లకు ఒక మనవి. బాలల సంస్థ నుంచి వచ్చిన ప్రకటనలో పేరు, ఊరు లేకపోతే కంట్రిబ్యూటర్‌ను పంపి ఆరా తీయించకండి. అవి కావాలనే తీసేసినవి. విభాగానికి ఇంకో మాట. ఇంటర్న్‌షిప్‌ల జాబితాలో పత్రికలు, చానళ్లు, ప్రకటనల ఏజెన్సీల పక్కన బాలల సంస్థలకూ చోటివ్వాలి. ఈసారి సమావేశంలో విభాగాధిపతి గారిని ఇదే అడగబోతున్నాను. మరో నలుగురు నాతో గొంతు కలిపితే వచ్చే వేసవికే మొదలుపెట్టవచ్చు.