వారానికి 168 గంటలు, దేవుని చిత్తం

"దేవుని చిత్తం కోసం కనిపెడుతున్నాం" (అంటే దేవుడు ఏం కోరుతున్నాడో తెలిసేదాకా ఎదురుచూస్తున్నాం) అంటూ ఆరు నెలలో ఏడాదో ఏదీ తేల్చకుండా గడిపేయడం విశ్వాసుల్లో మామూలే. సమయం వృథా గురించి చెప్పాల్సి వస్తే అందరం సెల్‌ఫోన్‌ని తిడతాం గానీ, భక్తి పేరుతో జరిగే ఈ వృథా జోలికి పోము. నిజానికి అపొస్తలుడైన పౌలు సమయాన్నీ దేవుని చిత్తాన్నీ ఒక్కచోటే పెట్టాడు. బైబిల్లోని ఎఫెసీ పత్రిక 5:16లో "సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు" అన్నాడు, ఆ వెంటనే 17లో ప్రభువు చిత్తమేమిటో గ్రహించుకోమన్నాడు. చిత్తం తెలిశాక సమయం వాడుకుందాం, అప్పటిదాకా ఆగుదాం అన్న క్రమం అక్కడ లేదు.

"సద్వినియోగము" అని మనం చదివే చోట మూలభాష గ్రీకులో ఉన్న క్రియ ఎక్సగొరాజో. అగోరా అంటే సంత. సంతలో వెల చెల్లించి విడిపించుకుపోవడం ఆ మాటకు అర్థం. గలతీ 3:13లో క్రీస్తు మనలను ధర్మశాస్త్ర శాపం నుంచి విమోచించాడని చెప్పేదీ ఈ క్రియతోనే. కాబట్టి సమయం "దొరకడం" అనేది ఉండదు, ఏదో ఒకటి వదులుకుని కొనుక్కోవాలి. "టైం దొరికితే ప్రార్థన చేస్తాను" అనేవారికి అది ఎప్పటికీ దొరకకపోవడానికి కారణం ఇదే.

కొనాలంటే ముందు చేతిలో ఎంత ఉందో తెలియాలి. 90వ కీర్తనలో మోషే "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని అడిగింది పాటగా పాడుకోవడానికి మాత్రమే కాదు, అక్షరాలా లెక్క వేయొచ్చు. వారానికి 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్ర అనుకుంటే 49 పోతాయి, మిగిలేది 119. ఉద్యోగం, ప్రయాణం కలిపి రోజుకు పది గంటల చొప్పున ఆరు రోజులు, 60. ఇక 59. తిండి, స్నానం, ఇంటి పని రోజుకు మూడు గంటలు, 21. మిగిలింది 38. ఆరాధనకీ కూడికలకీ ఐదు తీసేసినా 33 గంటలు చేతిలో ఉంటాయి. మీ అంకెలు వేరే కావచ్చు. కానీ ఉద్యోగస్థుల్లో చాలామందికి ఈ చివరి అంకె ఊహించినదానికంటే పెద్దదిగానే తేలుతుంది. అవి ఎటు పోతున్నాయన్నదే ప్రశ్న.

అది తెలుసుకోవడానికి ఏడు రోజులు చిన్న నోటు పుస్తకం చాలు. ప్రతి రెండు మూడు గంటలకోసారి, గడిచిన సమయంలో ఏం చేశారో ఒక ముక్క రాయండి. "7:10–7:55 ఫోన్", "9:00–9:40 రేపటి పాఠం తయారీ", "9:40–11:15 ఫోన్" ఇలా. రాత్రి ఒకేసారి గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క తప్పుతుంది, మనకు తెలియకుండానే ఫోన్ దగ్గర తగ్గించి ప్రార్థన దగ్గర పెంచేస్తాం. ఆ వారం ఏదీ మార్చుకోకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎనిమిదో రోజున పక్కపక్కన నాలుగు గుర్తులు పెట్టుకోవచ్చు: వాక్యం ఆజ్ఞాపించిన పని, బాధ్యతగా ఉన్న పని, విశ్రాంతి, ఏ లెక్కలోకీ రానిది. నాలుగోది ఎక్కువగా రాత్రి భోజనం తర్వాతే పోగుపడుతుంది, పొద్దున్న లేవలేకపోవడానికి మూలం కూడా సాధారణంగా అక్కడే దొరుకుతుంది. వేకువ ప్రార్థన కోసం అలారం ముందుకు జరిపేవాళ్లు పడుకునే వేళను మార్చరు. నాలుగు రోజులు లేస్తారు, ఐదో రోజు మోకాళ్ల మీదే నిద్రపోతారు, ఆరో రోజు మానేస్తారు. ముందు మార్చాల్సింది రాత్రి పది గంటల సంగతి.

ఇక దేవుని చిత్తం. "ఇదే దేవుని చిత్తం" అని లేఖనం సూటిగా పేరు పెట్టి చెప్పిన సంగతులు ఉన్నాయి. పరిశుద్ధత, జారత్వానికి దూరంగా ఉండటం (1 థెస్స 4:3). ప్రతి విషయంలోనూ కృతజ్ఞత (1 థెస్స 5:18). యుక్తప్రవర్తనతో మూర్ఖుల నోరు మూయించడం (1 పేతురు 2:15). వీటికి సూచన అక్కర్లేదు, ఉపవాసం ఉండి కనుక్కోవాల్సిన పని లేదు. తెలిసిన చిత్తానికి సమయం ఇవ్వకుండా తెలియని చిత్తం కోసం గంటలు గంటలు ప్రార్థించడం, వచ్చిన ఉత్తరం విప్పకుండా ఇంకో ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడటం లాంటిది.

మిగిలేవి ఉద్యోగం మారాలా, ఏ చదువు చదవాలి, ఈ పరిచర్య (సంఘంలో సేవ) బాధ్యత ఒప్పుకోవాలా వంటివి. ఇక్కడ ఒక పద్ధతి పనికొస్తుంది. కాగితం మీద ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి, రాయలేకపోతే ప్రశ్నే ఇంకా తేలలేదన్నమాట. లేఖనం నిషేధించిందా, ఆజ్ఞాపించిందా చూడండి. రెండూ కాకపోతే ఆ నిర్ణయానికి వారానికి ఎన్ని గంటలు ఖర్చవుతాయో, అవి ఎక్కడి నుంచి తెస్తారో పక్కన రాయండి. యువతకు పాఠం చెప్పడానికి ఒప్పుకుంటే చెప్పేది ఒక గంటే, తయారీకి మూడు, రాకపోకలకు ఒకటి, మొత్తం ఐదు. తర్వాత ఇద్దరితో మాట్లాడండి. వారిలో ఒకరు మీకు "వద్దు" అని చెప్పగలిగిన మనిషి అయ్యుండాలి. చివరగా తేదీ పెట్టుకోండి. మామూలు నిర్ణయానికి రెండు వారాలు, పెద్దదానికి రెండు నెలలు. ఆ తేదీ వచ్చేసరికి అడ్డు ఏదీ కనబడకపోతే యాకోబు 4:15 చెప్పినట్టు "ప్రభువు చిత్తమైతే" అనుకుంటూ అడుగు వేయడమే. ఎదుటివాళ్లు గడువు పెట్టినప్పుడు దాన్ని గౌరవించడం కూడా సాక్ష్యమే. "ప్రార్థిస్తున్నాను" అంటూ నెలల తరబడి జవాబివ్వకపోవడం వాళ్ల సమయాన్ని తినేయడమే.

ఇశ్రాయేలీయులను మిద్యానీయుల చేతిలోనుంచి విడిపించమని దేవుడు పంపిన గిద్యోను, నేల మీద గొఱ్ఱెబొచ్చు పరిచి దాని మీద మాత్రమే మంచు పడాలని సూచన అడిగాడు. ఆ బొచ్చును చూపించి తామూ సూచన అడిగేవాళ్లు ఒకటి మరచిపోతారు. న్యాయాధిపతులు 6లో బొచ్చు సంగతి చివర్లో వస్తుంది. ఏం చేయాలో దేవుడు అంతకుముందే 14వ వచనంలో చెప్పేశాడు. గిద్యోనుది తెలియకపోవడం కాదు, భయం. దేవుడు దయతో ఓర్చుకున్నాడు, దాన్ని పద్ధతిగా నేర్పలేదు. అపొస్తలుల కార్యములు 16లో చూస్తే పౌలు బృందానికి ఆసియలో అడ్డు వచ్చింది, బితూనియకు వెళ్లబోతే మళ్లీ అడ్డు వచ్చింది, త్రోయకు చేరాకే మాసిదోనియకు రమ్మని పిలిచే దర్శనం. వాళ్లు నడుస్తూ ఉండగానే దారి తెలిసింది. 10వ వచనంలో "మేము నిశ్చయించుకొని" అని ఉంది. దర్శనం చూసింది పౌలు ఒక్కడే, నిశ్చయించుకున్నది అందరూ.

వాక్యపఠనానికి పెద్ద ప్రణాళికలు వద్దు. బైబిల్లో 1189 అధ్యాయాలు, అందులో కొత్త నిబంధన 260. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకటి చదివితే సరిగ్గా 52 వారాల్లో కొత్త నిబంధన అయిపోతుంది, వారానికి రెండు రోజులు తప్పిపోయినవాటికి మిగులుతాయి. ఆ రెండు రోజుల ఖాళీయే ప్రాణం. ఖాళీ లేని ప్రణాళిక రోజుకు మూడు నాలుగు అధ్యాయాలతో ఆదికాండంలో జోరుగా మొదలై లేవీయకాండంలో ఆగిపోతుంది. కారణం లేవీయకాండం కష్టమని మాత్రమే కాదు, నాలుగు రోజుల బాకీ పన్నెండు అధ్యాయాలై గుండెల మీద కూర్చోవడం. బాకీ తీర్చకండి, ఆగిన చోటు నుంచి చదువుకుంటూ పోండి. ఫోన్‌లో కాకుండా అచ్చు పుస్తకంలో చదవండి. (పొద్దున్నే గ్రూపులో వచనం ఫార్వర్డ్ చేయడం వాక్యధ్యానం కింద రాదు, చాలామందికి ఇది చెప్పక తప్పదు.)

పరిచర్య కూడా సమయాన్ని పాడుచేయగలదు. మార్కు 7లో యేసు కొర్బాను గురించి మాట్లాడాడు. తల్లిదండ్రులకు చెందాల్సింది దేవునికి అర్పితమని చెప్పి ఎగ్గొట్టడం అది. వారంలో ఐదు సాయంత్రాలు కూడికలకు పోయి, మంచం పట్టిన తల్లి దగ్గర పది నిమిషాలు కూర్చోకపోతే అది సమయంలో కొర్బాను. ఆఫీసు వేళల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ప్రసంగాలు వింటూ పని సగమే చేయడం అంతకంటే మేలేమీ కాదు, ఆ గంటలకు జీతం తీసుకుంటున్నాం. "కాదు" అనడానికి మాదిరి మార్కు 1:35–38లో ఉంది. యేసు పెందలకడనే అరణ్య ప్రదేశంలో ప్రార్థించాడు. శిష్యులు వచ్చి "అందరూ నిన్ను వెదకుతున్నారు" అన్నారు. అవసరం నిజమైనదే, అయినా వేరే ఊళ్లకు వెళ్దాం పదండి అన్నాడు.

నిద్రను తగ్గించి దేవునికి ఇస్తున్నామనుకునేవాళ్లు 1 రాజులు 19 చదవాలి. అలసిన ప్రవక్త ఏలీయాకు దేవదూత ఇచ్చింది ప్రసంగం కాదు, రొట్టె, నీళ్లు. అతను తిని మళ్లీ పడుకున్నాడు కూడా.

ఈ లెక్కలేవీ కుదరని రోజులు కొందరికి ఉంటాయి. చంటిబిడ్డ తల్లికీ, రోగిని చూసుకునేవారికీ, రాత్రి షిఫ్టు వాళ్లకీ 33 గంటల మాట ఎగతాళిలా వినిపిస్తుంది. వాళ్లకు 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను యాత్రకీర్తనలు సరిపోతాయి. 132 తప్ప అన్నీ పది వచనాల లోపే. రోజుకు ఒకటి, రెండు నిమిషాలు, గట్టిగా చదివితే మూడు. 134వది మూడే వచనాలు, అదీ రాత్రివేళ యెహోవా మందిరంలో నిలిచి పని చేసేవాళ్లను ఉద్దేశించి రాసింది.