బొట్టు తీసేసిన విమానం

జూన్‌లో ఆర్డర్ పెట్టిన బొమ్మ విమానం కిట్ జూలై చివరికి చేరింది. డబ్బా విప్పితే లోపల బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి చింతకాయల్లా వేలాడుతున్న ముక్కలు. "ఇది పిల్లకా, మీకా అల్లుడు గారూ?" అని అడిగారు మా అత్తయ్య గారు. మా చిన్నదాన్ని చూసుకోడానికి నరసరావుపేట నుంచి బెంగళూరులో మా మారతహళ్ళి ఇంటికి వచ్చి అప్పటికి వారమైంది. నాకే అని చెప్పడానికి నలభై ఏళ్ళవాడికి గొంతు పెగలాలి కదా. "ఇద్దరికీ" అన్నాను.

కిట్ హాకర్ హరికేన్ మార్క్ 2, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం. స్కేల్ 1/72. అసలు విమానం రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 40 అడుగులు, నాది 17 సెంటీమీటర్లు. అంటే పప్పు గరిటె కంటే చిన్నది. హెచ్‌ఏఎల్ విమానాల మ్యూజియం పక్కనే ఉంటూ, ఆ సంస్థ తయారుచేసిన మారుత్ యుద్ధ విమానం చెయ్యక హరికేన్ ఎందుకని ఆఫీసులో ఒకాయన అడిగాడు. మారుత్ ఇష్టమే, మ్యూజియం ఆవరణలో దాని ముందు నిలబడి ఎన్ని ఫొటోలు దిగానో. కానీ నా పిచ్చి 1944 నాటి ఇంఫాల్. జపాన్ సైన్యం ముట్టడించినప్పుడు మన వాయుసేన ఒకటో స్క్వాడ్రన్ అక్కడ హరికేన్లు నడిపింది. నాయకుడు అర్జన్ సింగ్, అప్పటికి పాతికేళ్ళ కుర్రాడు. కొండల మీదుగా కిందికి దిగి ఎగురుతూ శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడం వాళ్ళ ముఖ్యమైన పని. ఆ స్క్వాడ్రన్ విమానం ఒకటి మా టీవీ పక్కన ఉండాలని కోరిక. డబ్బా మీద బొమ్మ మాత్రం ఇంగ్లండులో ఎగిరినదాని రంగుల్లో ఉంది. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

ముందు కాక్‌పిట్. సీటు బియ్యపు గింజకి అన్న, కంట్రోల్ స్టిక్ చీపురు పుల్ల మొన. నిప్పర్‌తో కత్తిరించగానే అది ఎగిరి సోఫా కింద పడింది. అరగంట ఫోన్ టార్చి వేసి వెతికాను. దొరికాక తెలిసింది ఏమిటంటే, మూత బిగించాక అది ఎవరికీ కనపడదు.

తర్వాత విమానం శరీరం రెండు సగాలూ అతికించి, సందుల్లో పుట్టీ నింపి ఎమరీ పేపర్ పట్టాను. ఇక్కడ పెద్ద తప్పు చేశాను. హరికేన్ తోక వైపు శరీరానికి పైన లోహపు రేకు ఉండదు, లోపల లోహపు గొట్టాల చట్రం, దాని మీద చెక్క బద్దలు, పైన నార గుడ్డ తొడుగు. బద్దలున్న చోట గుడ్డ సన్నటి గీతల్లా ఉబ్బి ఉంటుంది. కిట్‌లో ఆ గీతలు చక్కగా పోశారు. నేను అతుకు నున్నగా చెయ్యాలన్న ఉత్సాహంలో వీపు మీద వాటిని సగం అరగదీసేశాను. ఇప్పటికీ నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి.

ఇంకో రాత్రి పదకొండింటికి, తొందరగా అంటుకుంటుంది కదా అని కానొపీకి, అంటే కాక్‌పిట్ మీది అద్దపు మూతకి, సూపర్ గ్లూ వాడాను. పొద్దున లేచి చూస్తే అద్దమంతా లోపలి నుంచి తెల్లటి పొగ, ఇడ్లీ పాత్ర మూతలా. ఆ జిగురు ఆవిరి ప్లాస్టిక్ మీద పొడిలా పేరుకుంటుందట. అదృష్టం, సూపర్ గ్లూ పెళుసుగా ఉంటుంది కాబట్టి బ్లేడు పెట్టి మెల్లగా లేపితే ఊడొచ్చింది. దూది మీద టూత్‌పేస్ట్ వేసి లోపలి వైపు పావుగంట రుద్దితే చాలావరకు తేలింది. ఈసారి ఫెవికాల్‌తో అంటించాను. ఆరాక తెలుపు పోయి కనపడకుండా అయిపోతుంది. అద్దాలకి మొదటి నుంచీ అదే వాడాల్సింది.

రంగులు బ్రష్‌తోనే వేశాను. పైన ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు, అడుగున బూడిద. మొదటి పూత చిక్కగా వేస్తే గీతలు పడ్డాయి. పల్చటి మజ్జిగలా కలిపి నాలుగు పూతలు వేస్తే కుదిరింది. ఆగస్టు ముసురులో ఒక్కో పూత ఆరడానికి ఓ రాత్రి వదిలేశాను.

ఇక రెక్కల మీద గుండ్రటి గుర్తులు. కిట్‌లో వచ్చిన డెకాల్స్‌లో, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే బొమ్మల్లో, నీలం చక్రం మధ్య ఎర్ర చుక్క ఉంది. బర్మా వైపు విమానాలకి ఆ ఎరుపు ఉండకూడదు. జపాన్ విమానాల గుర్తే ఎర్రటి సూర్యుడు. దూరం నుంచి కాస్త ఎరుపు కనపడినా సొంతవాళ్ళే కాల్చేసే ప్రమాదం ఉందని 1943లో ఎరుపు తీసేసి, ముదురు నీలం మధ్య లేత నీలం పెట్టారు. అమెరికా వాళ్ళు కూడా 1942లోనే తమ నక్షత్రం నడుమ ఉన్న ఎర్ర చుక్క తీసేశారు.

కొత్త డెకాల్స్ తెప్పించుకునే ఓపిక లేదు. కాగితం మీద ఉండగానే ఎర్ర చుక్కల మీద తెలుపు వేశాను. ఎరుపు గులాబీ రంగై పైకి వచ్చింది. రెండోసారి వేశాక ఆగింది. దాని మీద లేత నీలం. పక్కల మీద అంటించేవాటికి పసుపు అంచు కూడా ఉంటే బ్లేడుతో కోసేశాను. అసలు విమానం మీద ఈ చక్రాలు ఇంత పెద్దవి కావు, తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. పట్టుకోనివ్వండి.

అత్తయ్య గారు శనక్కాయలు ఒలుస్తూ ఇదంతా చూస్తున్నారు. "బొట్టు చెరిపేస్తున్నారేంటి, అపశకునం కాదూ?" అన్నారు. జపాన్ సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే అది ఉంటే మనవాళ్ళే చంపుతారా?" అన్నారు. అవునన్నాను. "సరే తీసెయ్యండి" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

గోరువెచ్చటి నీళ్ళలో అర నిమిషం నానితే డెకాల్ కాగితం మీద జారుతుంది. బ్రష్‌తో రెక్క మీదికి తోసి, దూదితో కింది నీళ్ళు నొక్కి తీయాలి. కింద గాలి మిగిలితే వెండి పొరలా మెరుస్తుంది, అందుకే ముందు నిగనిగలాడే వార్నిష్ ఒక పూత వెయ్యాలి. చివర మెరుపు చంపడానికి మాట్ వార్నిష్. అది ఆరగానే ప్లాస్టిక్ బొమ్మ కాస్తా బరువున్న వస్తువులా కనపడింది. నేను ఆ పూట ఇంకే పనీ చెయ్యలేదు.

దసరాకి బెంగళూరులో ఆయుధ పూజ సంగతి తెలిసిందే. మా వీధిలో ఆటోల దగ్గర నుంచి నీళ్ళ ట్యాంకర్ దాకా అన్నింటికీ అరటి పిలకలు, గుమ్మడికాయలు. కింద బైక్‌కి పూజ ముగించి పైకి వచ్చేసరికి హరికేన్ ముక్కు మీద చిన్న కుంకుమ బొట్టు. అత్తయ్య గారు వంటింట్లోంచి, "ఇక్కడ జపాన్ వాళ్ళు లేరుగా" అన్నారు.

మాట్ పూత గరుకుగా ఉంటుంది, పొడి ఏదైనా అందులో కూరుకుపోతుంది. మెత్తటి బ్రష్‌తో దులిపితే సగమే పోయింది, మిగతాది అలాగే ఉంది.