కోషర్ లాగర్: రుచి బాగుంది, నురగే నిలవట్లేదు

యూదుల ఆహార నియమాలకు తగ్గట్టు (కోషర్) చేసిన లాగర్ బీరు ఇది. రుచి సంగతి ముందే చెప్పేస్తా: బాగుంది. రొట్టె కాలినప్పటి వాసన, చివర్లో సన్నటి చేదు, నాలుక మీద తీపి మిగలదు. ఆల్కహాలు 5 శాతం. కింగ్‌ఫిషర్ ప్రీమియం చల్లదనం తగ్గగానే చప్పబడిపోతుంది, ఇది 12 డిగ్రీలకు వచ్చినా ఇంకో గుక్క తాగాలనిపిస్తుంది.

నురగ దగ్గరే పేచీ. మా బామ్మర్ది అమెరికా నుంచి తెచ్చిన 355 మి.లీ. టిన్నులివి. వృత్తంలో యు అక్షరం ముద్ర ఉంది, అంటే ఆర్థడాక్స్ యూనియన్ అనే అమెరికా యూదు సంస్థ వాళ్ళ కోషర్ సర్టిఫికెట్. 6 డిగ్రీల దగ్గర పోస్తే 3 సెంటీమీటర్ల నురగ లేచింది. 50 సెకన్లు తిరక్కముందే అంచు చుట్టూ తెల్లగీత మాత్రం మిగిలింది. బియ్యం, మొక్కజొన్న ఏవీ కలపని ఒట్టి బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) లాగర్ ఇది. మూడు నిమిషాలైనా నిలవాలి కదా!

మొదటి అనుమానం గ్లాసు మీదే. అనంతపురం బోరు నీళ్ళతో కడిగితే ఆరాక తెల్లచారలు పడతాయి. ఉప్పుతో రుద్ది, ఫిల్టరు నీళ్ళతో తొలిచి, తడి గ్లాసులో ఉప్పు చల్లి చూశా. జిడ్డుంటే అక్కడ ఉప్పు అంటదు, నాకు అంతటా సమంగా అంటింది. అయినా 55 సెకన్లే. వేయించిన శెనక్కాయలు పక్కన పెట్టేశా, పెదాల మీది నూనె తగిలినా నురగ చచ్చిపోతుంది. తేడా లేదు. బయట 41 డిగ్రీల ఎండ, ఫ్యాను గాలికి ఆరిపోతోందేమోనని అదీ ఆపేసి చెమటలు కారుతూ కొలిచా. ఒక్క నిమిషం. అదే గ్లాసులో బిరా వైట్ పోస్తే నాలుగు నిమిషాలు నిలిచింది. అది గోధుమ బీరు, నురగ ఎక్కువే ఉంటుంది. అయినా గ్లాసు తప్పు కాదని తేలిపోయింది.

ఇప్పుడు నా అనుమానం బీరును పులియబెట్టే ఈస్ట్ మీద. ఇది పాశ్చరైజ్ చెయ్యని, అంటే వేడిచేసి సూక్ష్మజీవుల్ని చంపని బీరు, టిన్ను అడుగున తేదీ చూస్తే ఐదు నెలలు దాటింది. ఈస్ట్ కణాలు వేడికి చచ్చి పగిలితే ప్రొటీనేజ్ ఏ అనే ఎంజైము బయటికొస్తుంది, నురగను నిలబెట్టే మాల్ట్ ప్రొటీన్లను అది తినేస్తుంది. పాశ్చరైజ్ చేసుంటే ఆ ఎంజైము పనిచేసేది కాదు. రుచి చెడకుండా నురగ ఒక్కటే పోవడానికి నాకు తోచిన కారణం ఇదే.

శాకాహారులకు ఒక మాట. కోషర్ ముద్ర ఉంటే చేపల సరుకు తగల్లేదని అర్థం కాదు. బీరును తేర్చడానికి వాడే ఐసింగ్లాస్ స్టర్జన్ లాంటి చేపల గాలితిత్తి నుంచి తీస్తారు. స్టర్జన్ కోషర్ చేప కాదు, అయినా పానీయాన్ని తేర్చడానికి దాన్ని వాడుకోవచ్చని 18వ శతాబ్దంలోనే ప్రాగ్ రబ్బీ (యూదు మతగురువు) యెహెజ్కెల్ లాండావ్ తీర్పు చెప్పారు. మాంసం ముట్టనివాళ్ళు కంపెనీని విడిగా అడగాల్సిందే.

మిగిలిన టిన్నుల్లో ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి వంటింటి అలమారలో పెట్టా. నెల తర్వాత రెండూ 6 డిగ్రీలకు చల్లార్చి పక్కపక్కన పోస్తా. అలమారలోది 30 సెకన్లకు పడిపోతే ఎంజైము లెక్క సరిపోయినట్టే. ఈసారి వచ్చేటప్పుడు పాశ్చరైజ్ చేసిన కోషర్ లాగర్ తెమ్మని బామ్మర్దికి చెప్పా, దొరికితే ఇజ్రాయెల్ గోల్డ్‌స్టార్ కూడా. ముదురు రంగు లాగర్ నురగ ఎంతసేపు నిలుస్తుందో కొలవాలి.