అమ్మ పేరిట పట్టా

నాన్న పోయాక మాకు మిగిలింది వరంగల్ జిల్లాలో రెండెకరాల ఇరవై గుంటల చెలక, అంటే వానమీద ఆధారపడే మెట్ట భూమి. దాని మీద ఆయనకు వచ్చే ప్రభుత్వ పెట్టుబడి సాయం, రైతుబంధు, ఆగిపోయింది. అప్పట్లో ఎకరానికి ఒక్కో సీజనుకు 5,000 రూపాయలు. అంటే వానాకాలానికి 12,500, యాసంగికి మరో 12,500. నాన్నకు అరవై దాటాయి కాబట్టి రైతు చనిపోతే కుటుంబానికి ఇచ్చే రైతుబీమా కూడా వర్తించలేదు.

బంధువులంతా పట్టా నా పేరిట చేయించుకోమన్నారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకునేవాణ్ణి. విత్తేది, కలుపు తీసేది, పత్తి ఏరేది అమ్మ. డబ్బు పడేది కూడా ఆమె ఖాతాలోనే అని పట్టుబట్టాను.

భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక విరాసత్, అంటే భూమిని వారసుల పేరిట మార్చే పని, తహశీల్దారు కార్యాలయంలోనే జరిగేది. స్లాటు తీసుకోవాల్సి వచ్చేది, వారసులందరూ ఎదుట ఉండాల్సి వచ్చేది. మహారాష్ట్రలోని భివండీలో మరమగ్గాల దగ్గర కాపురం ఉండే చెల్లెలు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. కాగితాలన్నీ సరిపోయాయి. చిక్కంతా అమ్మ వేలితో వచ్చింది. పత్తి ఏరి ఏరి గీతలు అరిగిపోయిన బొటనవేలిని యంత్రం ఒప్పుకోలేదు. ఆపరేటరు తడిగుడ్డతో తుడిచాడు, కొబ్బరినూనె రాయమన్నాడు, వేలు మార్చమన్నాడు.

"ఇన్నేళ్లు ఈ వేలితోనే అప్పు కాగితాల మీద ముద్ర వేశాను. అప్పుడెవరూ కాదనలేదు" అంది అమ్మ.

చివరికి ఎడమచేతి చూపుడువేలు పట్టింది.

పట్టాదారు పాసు పుస్తకం పోస్టులో వచ్చేసరికి ఆ వానాకాలం రైతుబంధు గడువు దాటిపోయింది. ఈలోగా బ్యాంకులో ఇంకో తంటా. లావాదేవీలు లేక అమ్మ ఖాతాను నిలిపేశారట. మళ్లీ ఆధార్, ఫొటో, సంతకం బదులు వేలిముద్ర. ఆ ఖాతా వివరాలను రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారికి ఇచ్చాం. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సాయానికి వేరే దరఖాస్తు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి చేతికి వచ్చినవారికి అది ఇవ్వరు, వారసత్వంగా వస్తే తప్ప. ఆ మినహాయింపు సంగతి మేమే చెప్పుకోవాల్సి వచ్చింది.

2021 డిసెంబరు చివర యాసంగి డబ్బు పడింది. తక్కువ భూమి ఉన్నవారితో మొదలుపెట్టి పైకి వెళతారు కాబట్టి మా వంతు త్వరగానే వచ్చింది. మా చెలకకు నీళ్లు లేవు, యాసంగి పంటే లేదు. అమ్మ ఆ డబ్బులో ఇంటికి కొంత వాడి, మిగతాది జూన్‌దాకా కదిలించలేదు. నాకు ముందు అర్థం కాలేదు. జూన్‌లో ప్యాకెట్టు 810 రూపాయల చొప్పున పత్తి విత్తనాలు అయిదు ప్యాకెట్లు నగదుకు కొన్నాక అర్థమైంది. వానాకాలం డబ్బు వచ్చేది నెలాఖరుకు. తొలకరికి విత్తేవాడికి అది విత్తనం ఖర్చుకు అందేది కాదు, డీఏపీ ఎరువుకు మాత్రం పనికొచ్చేది.

అంతకుముందు ఏటా విత్తనం, ఎరువు, మందు అన్నీ ఊళ్లోని దుకాణంలో ఉద్దెరకే. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంతకంటే పెద్ద షరతు, పత్తి అతనికే అమ్మాలి. కాంటా అతనిది, తరుగు అతని ఇష్టం. బాకీ లేని ఆ ఏడాది అమ్మ, పక్కచేను వాళ్లతో కలిసి ట్రాలీ మాట్లాడుకుని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లింది. వేలంలో ధర పలుకుతుంటే నిలబడి వినడం ఆమెకు అదే మొదలు. పన్నెండున్నర వేలతో ఎవరూ ధనవంతులు కారు. ఎవరికి అమ్మాలో తేల్చుకునే వీలు మాత్రం దొరికింది.

మా పక్క నాలుగెకరాలు కౌలుకు చేసే అన్న ఆ ట్రాలీలో రాలేదు. ఆ భూమి మీద రైతుబంధు నగరంలో ఉండే పట్టాదారుకు వెళ్లేది. 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో ఎకరానికి 6,000 చేశారు, భూమి లేని ఉపాధి కూలీలకు వేరే సాయం మొదలుపెట్టారు. పట్టా లేని కౌలు రైతు మాత్రం ఇంకా ఆ దుకాణానికే వెళుతున్నాడు.