రాత్రి 9 గంటల డబ్బా, పొద్దుటి పేపరు

పోటీ పరీక్ష ఫలితాలొచ్చాయి, గట్టెక్కాం. ఎలా చదివారని అడిగేవాళ్లకు బుక్‌లిస్టులు, టైంటేబుళ్లు ఈపాటికి అందరూ రాసేశారు. ఎవరూ పట్టించుకోని ఎనర్జీ డ్రింకుల లెక్క ఒక్కటి చెబుతాను.

250 మి.లీ. డబ్బాలో సాధారణంగా 80 మి.గ్రా. కెఫీన్, 27 గ్రాముల దాకా చక్కెర ఉంటాయి. 500 మి.లీ. అయితే రెట్టింపు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒక్కసారికి 200, రోజు మొత్తానికి 400 మి.గ్రా. దాటొద్దని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. టీ, కాఫీ కూడా ఆ 400లోనే. లేబుల్ మీద గ్వారానా (కెఫీన్ ఉండే ఒక గింజ) అని ఉంటే అదీ కెఫీనే. షుగర్ ఫ్రీ అన్నా కెఫీన్ ఏమీ తగ్గదు.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, నిద్రమత్తు దానివల్లే. కెఫీన్ వెళ్లి దాని చోటులో కూర్చుంటుంది. మత్తు తీరదు, తెలియకుండా పోతుందంతే. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9కి పెద్ద డబ్బా తాగి 2కి పడుకుంటే, ఒంట్లో ఇంకా 80 మి.గ్రా. ఉంటుంది. అంటే చిన్న డబ్బా తాగి పడుకున్నట్టే. నిద్ర పట్టినా గాఢనిద్ర తగ్గుతుంది. చదివింది బుర్రలో నిలబడేది ఆ నిద్రలోనే మరి! పద్నాలుగు గంటలు చదివామని గొప్ప చెప్పుకునేవాళ్లు ఈ కోత కూడా వేసుకోవాలి.

అసలు దెబ్బ తగిలేది మానేసే రోజున. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలై రెండో రోజుకి ముదురుతాయి. ఆదివారం పరీక్ష అని శనివారం మానేస్తే అవి సరిగ్గా హాల్లోనే పట్టుకుంటాయి. ఒకే ప్రశ్న మూడుసార్లు చదవాల్సొస్తుంది, ఓఎంఆర్‌లో ఒక వరుస జారిపోతుంది. అందుకే మూడు వారాల ముందే మొదలుపెట్టండి. రోజుకు రెండు తాగుతుంటే మూడు నాలుగు రోజులకోసారి అర డబ్బా చొప్పున తగ్గించండి. ముందు తీసేయాల్సింది రాత్రిది. 11కి పడుకునేవాళ్లు మధ్యాహ్నం 2 తర్వాత ముట్టుకోవద్దు.

ఎప్పుడూ తాగనివాళ్లు పరీక్షరోజే మొదలుపెట్టడం ఇంకో తప్పు. గంటలోపే చేతులు వణకడం, గుండె దడ, మాటిమాటికీ బాత్రూం.

తాగి కూడా ర్యాంకు కొట్టినవాళ్లున్నారు కదా అంటారు. ఉన్నారు, డబ్బా వల్ల మాత్రం కాదు.

బీపీ, గుండె లయ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా తాగొద్దు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు కెఫీన్ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది, ఆ కోర్సు అయ్యేదాకా మానేయండి.